తలుపు తీసిన మనిషితో పది నిమిషాలు

2008 నవంబర్ 4న కాలిఫోర్నియా ప్రజలు ఒబామాను భారీ ఆధిక్యంతో గెలిపించారు. అదే బ్యాలెట్ మీద, స్వలింగ వివాహాలను నిషేధించే ప్రపొజిషన్ 8కి కూడా 52 శాతం మంది అవునన్నారు. ఆ ఏడాది మే నెలలోనే రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ హక్కు ఇచ్చింది. జూన్ నుంచి వేలాది జంటలు పెళ్లిళ్లు చేసుకున్నాయి. కోర్టు ఇచ్చినదాన్ని ఆరు నెలలు తిరగకముందే ఓటు వెనక్కి తీసుకుంది.

ఓడిన తరువాత లాస్ ఏంజెలెస్ ఎల్జీబీటీ సెంటర్‌లో డేవ్ ఫ్లైషర్ నాయకత్వంలోని బృందం ఎవరూ ఊహించని పనికి దిగింది. తమకు వ్యతిరేకంగా ఎక్కువ ఓట్లు పడిన పేటలు ఏవో చూసుకుని, ఆ పేటలకే వెళ్లి తలుపులు తట్టింది. ఎందుకలా ఓటేశారని అడిగి, చెప్పిందంతా విన్నారు. అనుమతి ఉన్నచోట వీడియో తీసి, తరువాత కూర్చుని మళ్లీ మళ్లీ చూసుకున్నారు. ఏ మాట దగ్గర అవతలి మనిషి ముఖం బిగుసుకుంది, ఏ మాట దగ్గర మెత్తబడింది అన్నది గమనించారు. ఈ రోజు ‘డీప్ కాన్వాసింగ్’ అని పిలుస్తున్న పద్ధతి అలా వేల సంభాషణల మీద రూపు దిద్దుకుంది.

మీరు ఒక విద్యార్థి సంఘానికో, ఒక అభ్యర్థి ప్రచారానికో, ఒక హక్కుల సంస్థకో కుర్రవాళ్లను తయారు చేసే బాధ్యత తీసుకుని ఉంటే, ఈ అధ్యాయం మీకోసం. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు ఈ పనికి ఉత్సాహంగా వస్తారు. కొందరు తామే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ కనుక వస్తారు. కొందరు స్నేహితుడి కోసమో, అక్క కోసమో వస్తారు. వాళ్లకు మీరు నేర్పవలసినవి చాలా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, అసలైనది ఒక్కటే: వాదించకుండా మాట్లాడటం. తక్కినవన్నీ దాని తరువాతే.

వాదనలో గెలిచే పిల్లలే మీకు ఎక్కువగా కనిపిస్తారు. కాలేజీ డిబేట్లలో బహుమతులు తెచ్చుకున్నవాళ్లు, చట్టాలు, తీర్పులు వేళ్ల మీద చెప్పగలవాళ్లు. నిజానికి వాళ్లకే శిక్షణ ఎక్కువ అవసరం. గుమ్మం దగ్గర ఒక పెద్దాయనను మాటల్లో ఓడించి వచ్చిన కుర్రాడు ఆ ఇంటి ఓటును మరింత గట్టిగా అవతలి పక్షానికి కట్టేసి వచ్చినట్టే. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. డేవిడ్ బ్రూక్‌మన్, జోషువా కల్లా అనే ఇద్దరు పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 230 మంది కార్యకర్తలు అమెరికాలో ఏడు చోట్ల 6,869 మంది ఓటర్లతో జరిపిన సంభాషణలను పరీక్షించారు. విషయాలు వలస వచ్చినవాళ్ల మీద, ట్రాన్స్‌జెండర్ల మీద ఉన్న వ్యతిరేకత. తీర్పు చెప్పకుండా వినడం, ఒకరి అనుభవం ఒకరు పంచుకోవడం ఉన్న సంభాషణలు మనుషుల్ని నెలల తరబడి మార్చాయి. వాటిని తీసేసి ఒట్టి వాదనలు వినిపించినప్పుడు ఏ మార్పూ కనిపించలేదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. శిక్షకులు అంకెలు వల్లించేముందు దీన్ని గుర్తు చేసుకోవడం మంచిది. ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుందని 2014 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. దాన్ని ముందుకు తీసుకువెళ్లాలని బయలుదేరిన ఈ ఇద్దరికే ఆ లెక్కలు అనుమానంగా తోచాయి. తవ్వి చూస్తే సర్వే జరిగిన ఆధారమే దొరకలేదు. 2015 మేలో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. పద్ధతి పనికిరాదని తేల్చేయడం అప్పుడు చాలా తేలిక. వాళ్లు అలా చేయలేదు. ఫ్లోరిడాలోని మయామీలో నిజమైన పరీక్ష పెట్టారు. 56 మంది కార్యకర్తలు 501 మంది ఓటర్ల ఇళ్లకు వెళ్లి, ట్రాన్స్‌జెండర్ల మీద వివక్షను నిషేధించే స్థానిక చట్టం గురించి పదేసి నిమిషాలు మాట్లాడారు. మూడు నెలల తరువాత కూడా ఆ మార్పు నిలిచే ఉంది. 2016లో అదే పత్రిక దాన్ని ప్రచురించింది. ట్రాన్స్‌జెండర్ కార్యకర్త వెళ్లినా, ట్రాన్స్‌జెండర్ కానివాళ్లు వెళ్లినా ఫలితం వచ్చింది. ‘నేను ఆ సమాజానికి చెందినదాన్ని కాను, నా మాట ఎవరు వింటారు’ అని జంకే అమ్మాయికి ఈ ఒక్క వాస్తవం చెప్పండి.

ఇక ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతుంది? రాసిచ్చిన కాగితం చదివిస్తే పిల్లలకు అది ఒంటపట్టదు. జంటలుగా నిలబెట్టి నటింపజేయాలి. శిక్షణకు మూడు గంటలుంటే రెండు గంటలు దీనికే ఇవ్వండి. మన తెలుగు పిల్లలకు నేను సూచించే అభ్యాసం ఇది. 2024లో కాలిఫోర్నియాలో ప్రపొజిషన్ 3 మీద ఓటింగ్ జరిగింది. ప్రపొజిషన్ 8 రాజ్యాంగంలో చేర్చిన వాక్యం 2013 నుంచి అమల్లో లేకపోయినా, కాగితం మీద అలాగే మిగిలిపోయింది. దాన్ని తీసేయాలా వద్దా అన్నదే ప్రశ్న. ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్ల ఇల్లు అనుకోండి. తలుపు తీసినది అరవై దాటిన అంకుల్. తలుపు తట్టింది ఇరవై ఏళ్ల అమ్మాయి.

“నమస్తే అంకుల్. పెళ్లంటే ఆడ, మగ మధ్యే అని మన రాష్ట్ర రాజ్యాంగంలో ఇంకా రాసి ఉంది. దాన్ని తీసేయడం గురించి ఓటు ఉంది కదా, దాని గురించి వచ్చాను. అసలు తీయకూడదు అంటే సున్నా, తప్పకుండా తీసేయాలి అంటే పది. మీరెక్కడున్నారు?”

“మూడు అనుకో. ఏమ్మా, నువ్విలా తిరుగుతున్నావని మీ అమ్మానాన్నలకు తెలుసా?”

అభ్యాసాన్ని ఇక్కడ ఆపండి. తొలిసారి నటించేవాళ్లలో చాలామంది ఇక్కడే జారిపోతారు. ‘అది మీకనవసరం’ అనో, ‘ఇందులో తప్పేముంది అంకుల్’ అనో అంటారు. అన్నారంటే సంభాషణ అక్కడితో సరి. ఆ ప్రశ్నలో దురుసుతనం ఉన్నా, ఆయన ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నిజం చెప్పి ముందుకు వెళ్లమనండి.

“తెలుసు అంకుల్. అమ్మకు మొదట్లో అంత ఇష్టం లేదు. మీరు మూడన్నారు, సున్నా అనలేదు. ఎందుకని?”

“ఎవరి బతుకు వాళ్లది, మనమెవరం కాదనడానికి? కానీ రేపు పిల్లలు స్కూల్లో ఇవన్నీ చూసి నేర్చుకుంటే?”

ఈ భయం కల్పించింది కాదు. ప్రపొజిషన్ 8ని గెలిపించింది ఇదే. రాజకుమారుడు రాజకుమారుణ్ణి పెళ్లి చేసుకోవచ్చని బడిలో నేర్చుకుని ఇంటికొచ్చి చెప్పే చిన్న పాప టీవీ ప్రకటన ఒకటి అప్పట్లో ఊపేసింది. చివరి వారాల్లో మనసు మార్చుకున్నవాళ్లలో ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లిదండ్రులే ఎక్కువని ఫ్లైషర్ తరువాత విశ్లేషించి చూపించాడు. హక్కుల పక్షం దానికి వెంటనే, సూటిగా సమాధానం ఇవ్వలేదు. టీవీ ప్రకటనల్లో స్వలింగ జంటల ముఖాలే దాదాపు కనిపించలేదు. అందుకే పిల్లల మాట వచ్చినప్పుడు మన కార్యకర్త విషయం మార్చకూడదు.

“మీ భయం అర్థమైంది అంకుల్. మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా గేలు గానీ, లెస్బియన్లు గానీ ఉన్నారా?”

ఇక్కడ నిశ్శబ్దం వస్తుంది. ఐదు సెకన్లు కూడా ఇరవై ఏళ్ల పిల్లకు చాలా ఎక్కువసేపు అనిపిస్తాయి. ఆ ఖాళీని నింపాలని ఏదో ఒకటి మాట్లాడేస్తుంది. ఆగడం నేర్పండి. గడియారం పెట్టి మరీ అభ్యాసం చేయించండి.

“పాత ఆఫీసులో ఒకతను ఉండేవాడు. మంచివాడే. ఎప్పుడూ ఒక్కడే కూర్చుని తినేవాడు.”

“మీరు మాట్లాడేవారా ఆయనతో?”

“ఎప్పుడైనా. పాపం, వాళ్ల నాన్న పోతే కూడా ఇంటికి రానివ్వలేదని తరువాత తెలిసింది.”

ఇప్పుడు అమ్మాయి తన సంగతి చెప్పాలి. తన బాబాయి కూతురు ఇంట్లో పెళ్లిళ్లకు రావడం మానేసిందని, ఎందుకు రావడం లేదో అందరికీ తెలిసినా ఎవరూ అడగరని, తాను అడిగిన రోజున ఏం జరిగిందో రెండు నిమిషాల్లో చెప్పాలి. ఆ తరువాత మళ్లీ ఆయనను అడగాలి: “మీరు ఈ దేశం వచ్చిన కొత్తలో మిమ్మల్ని కూడా ఎవరైనా వేరుగా చూశారా అంకుల్?” మయామీ సంభాషణల్లో కీలకమైన ప్రశ్న ఇలాంటిదే. తనను వేరుగా చూసిన ఒక సందర్భాన్ని ఓటరు తన నోటితో చెప్పడం, దానికీ ఎదుట ఉన్న విషయానికీ ఉన్న పోలికను తానే పట్టుకోవడం. అంకుల్ తన ఉచ్చారణ విని ఫోన్‌లో నవ్విన బ్యాంకు ఉద్యోగి గురించి చెబుతాడు. ఆ పోలికను మీ అమ్మాయి గుర్తు చేయనక్కర లేదు. చివర్లో మళ్లీ అంకె అడగాలి.

“ఐదు అనుకో.”

ఐదు రాసుకుని, ధన్యవాదాలు చెప్పి, బయటికి రావాలి. ఎనిమిది దాకా లాగాలని ఇంకో పది నిమిషాలు నిలబడకూడదు. మూడు ఐదు కావడం చిన్న విషయం కాదని పిల్లలకు నమ్మకం కలిగేలా చెప్పవలసిన బాధ్యత మీది.

సొంత కథ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1978లో కాలిఫోర్నియాలోనే స్వలింగ సంపర్కులైన ఉపాధ్యాయులను ఉద్యోగాల నుంచి తీసేసే ప్రపొజిషన్ 6 వచ్చినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కో నాయకుడు హార్వీ మిల్క్ తనవాళ్లందరినీ ఇంట్లో, ఇరుగుపొరుగులో, ఆఫీసులో తమ గురించి బయటికి చెప్పమని కోరాడు. తెలిసిన మనిషికి వ్యతిరేకంగా ఓటేయడం కష్టమని ఆయన నమ్మకం. ఆ నవంబరులో ప్రతిపాదనకు వ్యతిరేకంగా 58 శాతం ఓట్లు పడ్డాయి. ఓటింగ్ జరిగిన ఇరవై రోజులకే ఆయనను కాల్చి చంపారు. ఆయన పిలుపు గొప్పది. కానీ ఒక శిక్షకుడికి ఆ పిలుపు ఇచ్చే అధికారం లేదు. తన గురించి ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది ఆ కుర్రవాడి చేతిలోనే ఉండాలి. తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ, వాళ్ల డబ్బుతో చదువుకునే పిల్లవాడి గురించి పొరపాటున ఒక ఫోటో బయటికి వెళ్తే చదువూ పోవచ్చు, ఇల్లూ పోవచ్చు. కాబట్టి శిబిరంలో తీసిన ఫోటో అందులో ఉన్న ప్రతి ఒక్కరూ ఒప్పుకుంటేనే బయటికి వెళ్లాలి. పేర్ల జాబితా ఒకరి దగ్గరే ఉండాలి. పత్రికలవాళ్లు వచ్చినప్పుడు మాట్లాడటానికి ముందే ఒప్పుకున్న ఇద్దరు ఉండాలి. ఇందులో ఏ మినహాయింపూ ఇవ్వకండి.

కథ ఎంచుకునేటప్పుడు పిల్లలు అన్నిటికన్నా బాధాకరమైనదే చెప్పాలనుకుంటారు. అవసరం లేదు. రోజుకు ఇరవైసార్లు అపరిచితుల ముందు చెప్పినా తాను కుంగిపోకుండా చెప్పగలిగిన కథ కావాలి. ఇంకా మానని గాయాన్ని ప్రచార సాధనంగా వాడించకండి.

సాయంత్రం అందరూ తిరిగివచ్చాక జరిగే గంట సమావేశం ఉదయపు శిక్షణతో సమానం. ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్క మొదట అడగకండి. ఆ లెక్క అడిగితే మరుసటి రోజు నుంచి పిల్లలు ఇళ్ల సంఖ్య పెంచుకోవడానికి సంభాషణలు కుదించేస్తారు. ఏ మాట దగ్గర తడబడ్డారు, ఎవరు ఏం చెప్పారు అని అడగండి. ఒక్క సంభాషణను మొదటి నుంచి చివరిదాకా అందరి ముందూ మళ్లీ నటించి చూపమనండి. వీడియో ఉంటే చూడండి.

అదే సమావేశంలో ఇంకో పని కూడా ఉంది. ఒక గే కుర్రాడు పగలంతా తిరిగి, తన బతుక్కి గౌరవం ఉండాలా వద్దా అని పరాయివాళ్లను అడిగి వచ్చాడు. కొందరు తలుపు మూశారు. ఒకామె దేవుడి పేరు చెప్పి తిట్టింది. ఒకాయన నవ్వాడు. ఇది మామూలు ప్రచారపు అలసట కాదు. రోడ్డు సమస్య మీదో, పింఛన్ల మీదో తిరిగిన కార్యకర్తకు ఈ బరువు ఉండదు. నాకు ఈ విషయంలో రాజీ లేదు: ఆ పిల్లలు కోరినప్పుడు ఫోన్ల పనికో, డేటా పనికో మారే వీలు ఉండాలి. అలా మారడాన్ని ఎవరూ పిరికితనం అనకూడదు. ఇంటింటికీ తిరిగేటప్పుడు ఇద్దరేసి వెళ్లాలి. ఏ వీధిలో ఉన్నారో బృంద నాయకుడికి తెలియాలి. చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. ఎన్నికల తరువాత కూడా మాట్లాడగలిగిన కౌన్సెలర్ ఒకరిని ముందే చూసి పెట్టండి.

మాటలు ఎంత బాగా నేర్పినా ఓటు లేనివాళ్లు ఓటేయలేరు. ఈ సంగతి ఐర్లాండ్ విద్యార్థులు బాగా గ్రహించారు. 1993 దాకా స్వలింగ సంపర్కం నేరంగా ఉన్న దేశం అది. 2015 మే 22న స్వలింగ వివాహం మీద రెఫరెండం పెట్టినప్పుడు 62 శాతం మంది అవునన్నారు. 43 నియోజకవర్గాల్లో ఒక్క రాస్‌కామన్-సౌత్ లీట్రిమ్ మాత్రమే కాదంది. ఈ గెలుపు వెనక విద్యార్థి సంఘాలు క్యాంపస్‌లలో టేబుళ్లు వేసుకుని నడిపిన ఓటరు నమోదు ఉంది. ఆలస్యంగా చేరేవాళ్లు ఫారం పట్టుకుని పోలీసు స్టేషన్‌కు వెళ్లి, అక్కడి అధికారి ముందు సంతకం పెట్టాల్సి ఉండేది. గుంపులుగా తీసుకెళ్లి పెట్టించారు. అనుబంధ జాబితాలోకి 60 వేలకు పైగా పేర్లు వచ్చాయి. అమ్మమ్మకో, నాన్నమ్మకో ఫోన్ చేసి అడగమనే ప్రచారం కూడా నడిచింది. ముసలివాళ్ల మీద సిద్ధాంతాల బరువు మోపకుండా, ‘నాకోసం వేస్తావా’ అని మనవడు అడగడమే అందులో ఉన్నది. పోలింగ్ రోజున విదేశాల్లో ఉన్న ఐరిష్ యువత విమానాల్లో, ఓడల్లో ఇంటికి వచ్చి మరీ ఓటేశారు.

అమెరికాలో ఉన్న మన విద్యార్థులకు, హెచ్1బీ ఉద్యోగులకు ఒక సందేహం ఉంటుంది. ఓటు లేకపోయినా పని చేయవచ్చా అని. అక్కడి ఫెడరల్ ఎన్నికల నిబంధనల ప్రకారం జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా పనిచేయవచ్చు. విరాళం ఇవ్వకూడదు, ప్రచార ఖర్చు ఎలా పెట్టాలన్న నిర్ణయాల్లో తలదూర్చకూడదు. గ్రీన్‌కార్డు వచ్చాక విరాళం ఇవ్వవచ్చు గానీ ఓటు మాత్రం పౌరసత్వం వచ్చాకే.

ఇక్కడ, భారతదేశంలో, పరిస్థితి వేరు. మనకు రెఫరెండాలు లేవు. 2018 సెప్టెంబర్ 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ నుంచి పరస్పర అంగీకార సంబంధాలను తప్పించింది సుప్రీంకోర్టు. 2023 అక్టోబర్‌లో స్వలింగ వివాహ హక్కును నిరాకరించి, ఆ పని చట్టసభలదని అన్నదీ అదే. నిజాం కాలం నుంచి వచ్చిన 1919 నాటి చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లను పుట్టుకతోనే అనుమానితులుగా చూసిన చట్టమది. కోర్టుల్లో ఇంత జరిగినా ఊళ్లో ఎవరి గుమ్మం ముందూ ఈ మాట జరగలేదు. కాబట్టి మన కార్యకర్తలకు పని అభ్యర్థుల చుట్టూ, మేనిఫెస్టోల చుట్టూ ఉంటుంది. 2018లో గోషామహల్‌లో చంద్రముఖి మువ్వల, 2019లో మంగళగిరిలో తమన్నా సింహాద్రి పోటీ చేశారు. గెలవలేదు. కానీ ట్రాన్స్‌జెండర్ మహిళ ఓటు అడగడం ఆ నియోజకవర్గాలు చూశాయి. 2024లో కాంగ్రెస్ మేనిఫెస్టో స్వలింగ జంటల సివిల్ యూనియన్లకు చట్టం తెస్తామని రాసింది. సభల్లో ఆ పేజీ చదివి, మా నియోజకవర్గంలో మీ మాట ఏమిటని ప్రతి పార్టీ అభ్యర్థినీ అడిగే పిల్లలు కావాలి.

నియమాలు కొన్ని గట్టిగా పట్టించుకోండి. పద్దెనిమిది నిండనివాళ్లను ఎన్నికల ప్రచారంలోకి తేవద్దు. పిల్లల్ని ప్రచారంలో వాడితే ఊరుకునేది లేదని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు బహిరంగ ప్రచారం ఆపాలి. ఓటరు నమోదు ఫారం-6లో థర్డ్ జెండర్ గడి ఉంది. దాన్ని నింపాలా వద్దా అన్నది దరఖాస్తుదారు ఇష్టం. ట్రాన్స్‌జెండర్ ఓటరుకు పాత పేరుతో ఉన్న కార్డుకీ ఇప్పటి రూపానికీ పొంతన కుదరక బూత్ దగ్గర అవమానం జరగవచ్చు. నమోదు రోజులు నడుస్తున్నప్పుడే బూత్ స్థాయి అధికారిని (బీఎల్‌ఓ) కలిసి సవరణ పెట్టించడం మీ కార్యకర్తలు చేయగల అతి విలువైన పని. పది ఉపన్యాసాల కన్నా ఈ ఒక్క సవరణ మేలు.

ఓటమి గురించి ముందే మాట్లాడండి, కౌంటింగ్ రోజు దాకా ఆగవద్దు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 2009 నవంబరులో స్వలింగ వివాహ చట్టాన్ని ఓటర్లు రద్దు చేశారు. అక్కడివాళ్లు ఆ తరువాతి మూడేళ్లూ ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు. హక్కులు, ప్రయోజనాలు అన్న మాటలు తగ్గించి, ప్రేమ, కలిసి బతకడం గురించి మాట్లాడారు. 2012 నవంబరులో అదే రాష్ట్రం ఓటుతోనే ఆ పెళ్లిళ్లను ఒప్పుకుంది. ఫలితం వచ్చిన మర్నాడు మీ శిబిరంలో కూడా ఒక పని మిగిలి ఉంటుంది. మూడు నుంచి ఏడు మధ్య అంకె చెప్పిన ఇళ్లన్నీ ఒక పుస్తకంలో రాయించండి. ఏ ఇంటికి ఎవరు వెళ్లారో, ఏ ప్రశ్న దగ్గర వాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారో పక్కనే రాయించండి. ఆ పుస్తకానికి తాళం వేసి ఉంచి, తరువాతి ప్రచారంలో ఆ ఇళ్లకు వీలైనంతవరకు అవే ముఖాలను పంపండి.